కనకయ్య సీసా అన్నాడు

మా కనకయ్య ఉమ్మితే నేలమీద టంగుమని చప్పుడయ్యేది. పదకొండేళ్ళు సీసం భట్టీలో పనిచేసిన మనిషి కదా, ఒంట్లో చేరిన లోహం ఏదో ఒక దారిన బయటికి రావాలి. ఆ ఉమ్ములన్నీ ఏరించి పాత సామాన్ల సేఠ్ ఒకడు రెండు బ్యాటరీలు తయారు చేయించాడు.

సరే, బ్యాటరీల మాట నేను కలిపాను. టంగుమన్న మాట కూడా కొంచెం ఎక్కువే. కానీ అతని చిగుళ్ళ మీద సిరాతో గీసినట్టు నీలపు గీత ఒకటి ఉండేది, అది మాత్రం కళ్ళారా చూశాను. అన్నం తిన్నా, చాయ్ తాగినా నోట్లో పైసా బిళ్ళ పెట్టుకున్నట్టే ఉంటుందని అతనే చెప్పేవాడు.

కనకయ్య సిరిసిల్ల పక్కన ఒక ఊరి నుంచి పంతొమ్మిదో ఏట సూరత్ వచ్చాడు. వచ్చినప్పటి నుంచి సాంచాల మీదే బతికాడు. పవర్‌లూమ్ అనే మాట కాగితాల మీదే ఉంటుంది, మావాళ్ళందరికీ అవి సాంచాలే. ఇరవై రెండేళ్ళు ఆ చప్పుడులో నిలబడితే ఎడమ చెవి పోయింది. కుడి చెవినైనా కాపాడుకుందామని, మా బస్తీ చివర రైలు పట్టాల దగ్గరున్న భట్టీలో చేరాడు. అక్కడ చప్పుడు లేదు. పాత బ్యాటరీలను గొడ్డలితో పగలగొట్టడం, లోపలి పలకలు తీసి బొగ్గుతో కలిపి కొలిమిలో వేయడం, కరిగిన సీసాన్ని గరిటెలతో అచ్చుల్లో పోయడం, ఇదీ పని. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు మనిషికో బెల్లం ముక్క ఇచ్చేవారు. బెల్లం తింటే పొగ కడుపులోంచి కొట్టుకుపోతుందని సేఠ్ నమ్మకం. సేఠ్ నమ్మాడు కాబట్టి పనివాళ్ళూ నమ్మారు.

నేను హనుమకొండలో సిస్టర్ల బడిలో చదువుకుని, ఆ నాలుగు ముక్కల ఇంగ్లీషు పుణ్యాన ఇక్కడి మిల్లులో ఉత్తరాలు రాసే గుమాస్తాగా చేరినవాణ్ణి. కనకయ్య ఇంటికి ఎదురుగా మేడమీద ఉంటాను. వరస ఏమీ లేకపోయినా అతను నన్ను బావా అంటాడు. కాబట్టి అతన్ని ఏడిపించే హక్కు నాకుంది, దాన్ని నలభై ఏళ్ళుగా వృథా చేయలేదు.

రెండువేల ఆరులో తాపీ పొంగి సూరత్ మునిగినప్పుడు మా బస్తీలో కింది గదులన్నీ చూరు దాకా నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు తీశాక అందరిదీ ఒకటే ఆలోచన: నేల ఎత్తు పెంచుకోవాలి. మట్టి కొనాలంటే ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. అప్పుడు కనకయ్య సేఠ్‌ను అడిగి భట్టీ వెనక గుట్టగా పడి ఉన్న చిట్టెం తెచ్చాడు. చిట్టెం అంటే లోహం కరిగించాక పైన తేలే పనికిమాలిన మడ్డి, చల్లారితే నల్లటి రాయి అవుతుంది. లారీల మీద తెచ్చాడు. మీరనుకునే లారీ కాదు, గుజరాతీలు తోపుడుబండిని లారీ అంటారు. పని దిగాక ఒక్కడే తోసుకుంటూ వచ్చి, పదకొండు గదుల్లో చిట్టెం పోసి, దిమ్మిసతో కొట్టి, పైన పల్చగా సిమెంటు పూశాడు. మొదటి గచ్చు వాళ్ళ చెల్లెలు గంగవ్వ ఇంట్లో పోశాడు. ఆమె అప్పటికే భర్త పోయి, కొడుకుతో ఒంటరిగా ఉండేది.

"విషం గిషం ఉంటదేమోనే అన్నా" అని ఆవిడ అప్పుడే అడిగింది.

"విషమంతా పొగల పోయింది. గిది సచ్చిన రాయి" అన్నాడు కనకయ్య.

అతను అబద్ధం చెప్పలేదు. భట్టీలో అందరూ అలాగే అనుకునేవారు. పొగకు భయపడి ముక్కుకు గుడ్డ కట్టుకునేవాళ్ళు అదే చిట్టెం మీద కూర్చుని అన్నం తినేవాళ్ళు. ఆ తరవాత కొన్నేళ్ళపాటు మా బస్తీలో ఏ ఇంట్లో శుభకార్యమైనా మొదటి విస్తరి కనకయ్యకే వేసేవారు. వానాకాలంలో మంచం కింద నీళ్ళు లేకుండా పడుకున్న ప్రతివాడూ అతని పేరు తలచుకునేవాడు. జీవితంలో అతన్ని నలుగురూ మెచ్చుకున్న పని అదొక్కటే.

భట్టీ రెండువేల పన్నెండులో మూతపడింది. సేఠ్ కొలిమి ఇటుకలతో సహా అమ్ముకుని పోయాడు. ఖాళీ స్థలంలో తాగుబోతులు సీసాలు పగలగొట్టేవారు, మేకలు తిరిగేవి. కనకయ్య మళ్ళీ సాంచాల దగ్గరికి పోయాడు, కుడి చెవి కూడా సగం పోగొట్టుకున్నాడు.

కరోనా మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాయి. బస్తీలో సగం మంది రైళ్ళెక్కి ఊళ్ళకు పోయారు. గంగవ్వ ఇంట్లో అప్పుడే పది నెలల మనవరాలు ఉండేది, పేరు విజేత. అంత పసిదాన్ని రైల్లో తీసుకుపోలేక వాళ్ళు ఉండిపోయారు. తలుపు బయట కాలు పెట్టడానికి లేదు కాబట్టి ఆ పిల్ల పాకిందీ, నిలబడిందీ, నడక నేర్చిందీ ఆ గచ్చు మీదే. పద్నాలుగేళ్ళ గచ్చు, మూలల్లో సిమెంటు లేచిపోయి కింది నల్లరాయి పొడిపొడిగా కనిపించేది. పిల్ల దాన్ని వేలితో గీకి నోట్లో పెట్టుకునేది. మట్టి తినని పిల్లలు ఎక్కడున్నారు అని అందరం నవ్వేవాళ్ళం.

రెండువేల ఇరవై ఒకటి జనవరిలో ఒక సర్కారు ఆఫీసు నుంచి కుర్ర ఇంజనీరు, అతని సహాయకుడు వచ్చారు. భట్టీ స్థలాన్ని శుభ్రం చేసి పిల్లల తోట వేస్తారట. అంతకుముందు అక్కడ ఏం పని జరిగేదో పాతవాళ్ళను అడిగి రాసుకుంటున్నాడు. కనకయ్య పాతవాడు కాబట్టి అతన్ని పిలిచాడు. నేను పిలవకపోయినా వెళ్ళాను. అందరి మూతులకూ మాస్కులు. ఇంజనీరు చేతిలో, నేలమీద నుంచి తీసిన సీసా పెంకు ఒకటి ఉంది.

"చాచా, యహాఁ శీశా గలాతే థే?" అని అడిగాడు, ఇక్కడ శీశా కరిగించేవారా అని.

హిందీలో శీశా అంటే గాజు, సీసా అంటే సీసం. మన తెలుగులో సీసా అంటే నీళ్ళు పోసుకునేది, సీసం అంటే లోహం. కనకయ్య ఒకటిన్నర చెవికి, మాస్కు లోపలి నుంచి వచ్చిన ఆ మాటలో శ ఎక్కడ, స ఎక్కడ? పైగా అతని నోట పుట్టినప్పటి నుంచీ శ పలకలేదు. శంకరయ్య కూడా అతనికి సంకరయ్యే.

"హా సాబ్, సీసా. గ్యారా సాల్ సీసా గలాయా" అన్నాడు గట్టిగా, పదకొండేళ్ళు అదే కరిగించానని.

కుర్రాడు పెంకు వైపు చూసి తల ఊపి, కాగితం మీద ఇంగ్లీషులో గాజు భట్టీ అని రాశాడు. అంతవరకు అది ఎవరి తప్పూ కాదు. తరవాత అతను తన సహాయకుడి వైపు తిరిగి గుజరాతీలో మాట్లాడాడు. గుజరాతీలో సీసాన్ని సీసుఁ అంటారు, కాంచ్ అంటే గాజు, రెంటికీ ముక్కూ మొహం పోలిక ఉండదు. అతనన్నదేమిటంటే, "బతికిపోయాం, కాంచ్ అట. సీసుఁ అయ్యుంటే లోతుగా తవ్వి మట్టి మొత్తం ఎత్తిపోయాలి. చిట్టెం ఏ ఇళ్ళలోకి పోయిందో వెతకాలి, పిల్లలున్న ఇళ్ళు ముందు."

కనకయ్యకు గుజరాతీ నాకంటే బాగా వచ్చు. కుడి చెవి అటే ఉంది. అతను నోరు తెరవబోయి నావైపు చూశాడు.

ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. చెప్పమంటావా బావా అని అడుగుతున్నాడు. చెబితే పదకొండు ఇళ్ళ వాళ్ళ ముందు నిలబడి, మీ మంచాల కింద నేను పోసింది విషం అని ఒప్పుకోవాలి. చెప్పకపోతే విజేత ఆ మూల గీకుతూనే ఉంటుంది. ఇవన్నీ ఆ క్షణంలో నాకూ తెలుసు, గంగవ్వ గచ్చు మీద కూర్చుని చాయ్ తాగినవాణ్ణే కదా. కానీ నాకు ముందు తట్టింది ఆ పొరపాటులోని తమాషా. సర్కారు పని ఇలా ఉంటుందని చాయ్ దుకాణంలో ఎలా చెప్పాలో అప్పటికే మనసులో అల్లుకుంటున్నాను.

నేను అతనికి కన్ను కొట్టాను.

కనకయ్య నోరు మూసుకున్నాడు. ఇంజనీరు నా చేతికి కలం ఇచ్చాడు. పొరుగువాడి సాక్ష్యం కింద, సిస్టర్లు నేర్పిన గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో నేను సంతకం చేశాను.

ఆ సాయంత్రానికి బస్తీ అంతటా కథ పాకింది. గాజు భట్టీ అన్నారు కాబట్టి కనకయ్యకు గాజుల సేఠ్ అని పేరు పెట్టాను. ఆడవాళ్ళు చేతులు చాపి, "సేఠ్, ఎర్రయి డజను ఇయ్యరాదు" అని ఆటపట్టించేవారు. అతను నవ్వేవాడు కాదు. ఒకరోజు మెట్ల మీద కూర్చుని, "బావా, పోయి చెప్పొద్దామా?" అన్నాడు.

"ఇప్పుడేం చెబుతావయ్యా? పదిహేనేళ్ళుగా అందరూ అదే నేల మీద పడుకుంటున్నారు, ఎవరికేమైంది?" అన్నాను.

"ఏం కాలే" అన్నాడు. మళ్ళీ తనే, "అయినా ఎవలు జూసిన్రు" అన్నాడు.

ఆఫీసు వాళ్ళు నాలుగు రోజుల్లో పెంకులు ఏరించి, పైన కాస్త మట్టి చల్లించి వెళ్ళిపోయారు. ఏప్రిల్‌లో కరోనా రెండో కెరటం వచ్చింది. గంగవ్వ కొడుకు జ్వరంతో పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి వచ్చాడు. ఆ గొడవలో పిల్లను ఎవరూ సరిగా చూసుకోలేదు. అప్పటికి తాత, పాలు, పిల్లి అని ఏడెనిమిది మాటలు వచ్చిన పిల్ల ఒక్కొక్క మాటా మానేసింది. తిండి సయించేది కాదు, కడుపు పట్టుకుని ఏడ్చేది, ఒళ్ళంతా పాలిపోయింది. ఇంట్లో కూర్చుని కూర్చుని భయపడిందన్నారు, దిష్టన్నారు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు.

ఆగస్టులో, మన మాట తెలిసిన డాక్టరమ్మ అని పద్మజ గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమె వరంగల్ నుంచి వచ్చి ఉధనాలో క్లినిక్ పెట్టుకుంది. విజేత తల్లి సంధ్యారాణి, కనకయ్య, నేను వెళ్ళాం. రక్తం పరీక్ష కాగితం రెండు సార్లు చదివి డాక్టరమ్మ తల ఎత్తింది.

"మీ ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని చేస్తారా? చుట్టుపక్కల సీసం కరిగించే చోటు ఉందా?"

ఆమె తెలుగులో అడిగింది. సీసం అంది. ఆ మాటలో తప్పుకోవడానికి సందు లేదు.

"అసొంటిది ఏం లేదు డాక్టరమ్మా" అంది సంధ్యారాణి. భట్టీ మూతపడ్డాకే ఆమె కాపురానికి వచ్చింది. "ఎనుకట ఒక గాజు భట్టీ ఉండె. సర్కారోళ్ళు గూడ గట్లనే రాసుకపోయిన్రు. గీ మామ అండ్లనే పనిజేసిండు, అడుగుండ్రి."

కనకయ్య పిల్ల అరికాలు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను.

"గాజు గాదు బిడ్డా" అన్నాడు చివరికి. "సీసం. మీ ఇంట్ల గచ్చు కింద ఉన్నది గూడ అదే. నేనే పోసిన."

సంధ్యారాణి ముందు అర్థం కానట్టు చూసింది. తరవాత అతని చేతిలోంచి పిల్ల కాలు లాక్కుంది. "గాజుల సేఠ్, గాజుల సేఠ్ అని నవ్వితిమి గదా మామా. నీకు ఎరికుండె గదా" అంది. నన్ను ఏమీ అనలేదు. నాకూ తెలుసని ఆమెకు అప్పుడు తెలియదు. ఆ రోజే చెప్పాల్సింది. రెండు నెలల తరవాత చెప్పాను.

డాక్టరమ్మ చెప్పినట్టు తల్లీబిడ్డలను మా మేడ మీది గదిలోకి మార్చాం. ఆ మర్నాడు పొద్దున్నే కనకయ్య గడ్డపార తీసుకుని గంగవ్వ గచ్చు తవ్వడం మొదలుపెట్టాడు. తడపకుండా పొడిగా తవ్వాడు. నల్లటి దుమ్ము వీధంతా లేచింది. ఇది తెలిసి డాక్టరమ్మ ఫోన్లోనే కేకలేసింది: "ముందు చేసింది చాలక ఇప్పుడు వీధి వీధికీ తినిపిస్తారా? వెంటనే నీళ్ళు చల్లి గోనెలు కప్పండి. ఆఫీసుకు వెళ్ళండి." మంచి చేద్దామని దిగిన ప్రతిసారీ అతనికి ఇలాగే అయ్యేది.

అర్జీ నేను రాశాను. నా సంతకం ఉన్న మొదటి కాగితం తప్పని అందులో ఒప్పుకున్నాను. ఇలా రాయడానికి నాకు సగం పేజీ పట్టింది, ఎంత ఇంగ్లీషు వచ్చినా. కనకయ్య మాత్రం మెట్ల మీద కూర్చుని హిందీ మాట సాధన చేశాడు.

"శీశా కాదు, సీసా. అను" అన్నాను.

"సీసా గాదు, సీసా."

"రెండూ ఒక్కలాగే అంటున్నావయ్యా!"

"రెండూ ఒక్కతీర్గనే ఉన్నయ్ బావా, నేనేం జెయ్యాలె!"

చివరికి అతను మాటను నమ్ముకోలేదు. భట్టీ స్థలంలో కొలిమి ఉన్న చోటు తవ్వి, పిడికెడు సీసం ముద్ద తీసి, సంచిలో వేసుకుని వచ్చాడు. ఆఫీసులో అదే ఇంజనీరు పాత కాగితం తీసి, "మీరే శీశా అన్నారు కదా చాచా" అన్నాడు. కనకయ్య ముద్ద తీసి బల్ల మీద పెట్టి, "యే" అన్నాడు, ఇదీ అన్నట్టు.

కుర్రాడు దాన్ని ఎత్తబోయాడు. బరువుకు చెయ్యి కిందికి జారింది. "సీసుఁ" అన్నాడు మెల్లగా.

ఆ చలికాలంలో స్థలాన్నీ ఇళ్ళనీ నిజంగా శుభ్రం చేశారు. తెల్లటి తొడుగులు వేసుకున్న మనుషులు నీళ్ళు చల్లుకుంటూ మోకాలి లోతుకు, కొన్నిచోట్ల నడుం లోతుకు మట్టి తీశారు. సంచులు మూతి కట్టి, టార్పాలిన్ కప్పిన బండ్లలో ఊరి బయటికి పంపారు. కొత్త మట్టి పోసి, ఇళ్ళలో మందంగా కాంక్రీటు వేశారు. ఏ గదిలో ఎన్ని లారీల చిట్టెం ఉందో, ఏ మూల ఎక్కువ పడిందో కనకయ్య కాగితం లేకుండా చెప్పాడు. గుమ్మం గుమ్మానికి వెళ్ళి, తలుపు తట్టి, తనే చెప్పాడు. తిట్టించుకున్నాడు. తొమ్మిది ఇళ్ళు తవ్వనిచ్చాయి. లింగమూర్తి మాత్రం గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాడు.

"అప్పుడు నువ్వే పోస్తివి. ఇప్పుడు నువ్వే తవ్వుతనంటవ్. రేపేమంటవ్, ఇల్లు కూలగొట్టు అంటవా? నడువ్."

"నీ మనుమలు ఊరికెల్లి వస్తరు గదనే. వాళ్ళ కోసమన్న తవ్వనియ్యి, జర" అన్నాడు కనకయ్య.

"నా మనుమల ముచ్చట నీకెందుకు? నీ చెల్లె మనుమరాలిని జూసుకో పో."

ఆ ఇల్లు, పక్కిల్లు ఇప్పటికీ తవ్వలేదు. ఆ వీధిలోంచి వెళ్ళేటప్పుడు కనకయ్య నేల చూసుకుంటూ వెళ్తాడు. శుభకార్యాల్లో విస్తళ్ళ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

విజేత రక్తంలో సీసం తగ్గింది. రంగు వచ్చింది, ఆకలి వచ్చింది. మాటలు తిరిగి వచ్చాయి కానీ వెతుక్కుని వచ్చినట్టు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. బాగుపడుతుందా అంటే డాక్టరమ్మ, చాలావరకు అంటుంది. ఎంతవరకు అంటే బడిలో వేశాక తెలుస్తుందంటుంది. జనవరి నుంచి ఆగస్టు దాకా నెలలు లెక్కపెడితే ఎనిమిది. పిల్లకు ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు దాటేదాకా. మాటలు నేర్చే వయసు అదేనట. ఆ ఎనిమిది నెలల్లో నేను గాజుల సేఠ్ కథను ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో నాకే గుర్తులేదు. ప్రతిసారీ కొత్తగా ఏదో ఒకటి కలిపి చెప్పాను.

ఈ ఏడు పిల్లను బాల్వాడీలో వేస్తున్నారు. సంధ్యారాణి మా అందరికీ గట్టిగా చెప్పింది: అక్కడ టీచరుకు ఈ రోగం సంగతి ఎవరూ చెప్పకూడదు. చెబితే పిల్లను వెనక బల్ల మీద కూర్చోబెట్టి, దీనికి రాదులే అని వదిలేస్తారని ఆమె భయం. అది విన్నాక కూడా నేను ఇది రాశాను. ఎక్కడో ఒకచోట ఉండాలనిపించింది. రాసింది నిన్న కనకయ్య దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించాను. కుడి చెవి నావైపు పెట్టి చివరిదాకా విన్నాడు.

"అయిపాయెనా?" అన్నాడు.

"అయింది. తప్పులేమైనా ఉంటే చెప్పు."

"తప్పులేంది, ఒక్క ముక్క నిజం లేదు. ఎవల గురించి రాసినవ్ బావా ఇది?"

"నీ గురించే కదయ్యా."

"నేను సాంచాలు నడిపినోణ్ణి. పొట్టకొచ్చినకాడికెల్లి గిప్పటిదాంక సాంచాలే. భట్టీ ఏడిది? నేను ఏ భట్టీల పనిజెయ్యలే."

"మరి గచ్చు?"

"ఎవల ఇంట్ల ఏ గచ్చు పొయ్యలే. చిట్టెం అంటే ఏందో గూడ నాకు ఎరికలేదు. ఎవలొచ్చి అడిగినా ఇదే చెప్త. నువ్వు గూడ ఇదే చెప్పు."

"కనకయ్యా, పిల్లకు అంత జరిగి..."

"ఏ పిల్లకు? విజేతనా?" అతను లేచి నిలబడ్డాడు. "ఆ పోరికి ఏం గాలే. పుట్టినప్పటికెల్లి మంచిగనే ఉన్నది. జర మెల్లగ మాట్లాడుతది, గంతే. మా ఇంట్ల అందరం గంతే."